ఎరబుట్టకు చిక్కని పురుగు

మా నూజివీడు వైపు మనుషులు మార్కాపురం రైలెక్కారంటే శ్రీశైలం వెళుతున్నారనుకుంటారు. మేము వెళ్ళింది ఈగల కోసం. నవ్వకండి, మా ఆయన ఇప్పటికే చాలా నవ్వారు.

పోయిన వేసవిలో మా ఊరి మామిడంతా పండు ఈగ పాలైంది. పైకి నిగనిగలాడే బంగినపల్లి కోస్తే లోపల తెల్లటి పురుగులు మెలికలు తిరుగుతూ కనిపించేవి. ఈగ వచ్చిందని మాకు తెలిసేసరికే అది గుడ్లు పెట్టడం, వ్యాపారులు సరుకు తిప్పి పంపడం అన్నీ అయిపోయాయి. ఈసారి పూతకు ముందే మేలుకోవాలని, పురుగు జాడ ముందుగా పట్టే పద్ధతి ఒకటి ఎంచుకోవాలని మా రైతు సంఘంలో అనుకున్నాం. ఏ పద్ధతి అన్నదగ్గరే పేచీ వచ్చింది. చెట్టుకు వేలాడగట్టే ఎరబుట్టలు చాలని నేను అన్నాను. మా మరిది సత్యం, తోటలో పురుగును ఫొటో తీసి ఫోనుకు పంపే కెమెరా పెట్టె కావాలన్నాడు. కొందరు పసుపు జిగురు అట్టలన్నారు, కొందరు దీపం పెడితే పురుగులే వచ్చి పడతాయన్నారు.

అప్పుడే మస్తాన్ వలీ ఫోన్ చేశాడు. మార్కాపురంలో పండ్ల వ్యాపారం చేసే ఈ మస్తాన్ ప్రతి వేసవీ మా ఊరికి మామిడికి వస్తాడు, మా ఇంట్లో భోంచేస్తాడు, నన్ను అక్కా అంటాడు. మా గొడవంతా విని, తమ వైపు ఒక్కో తోటలో ఒక్కో పద్ధతి పెట్టారని, బత్తాయి కోతకొచ్చే కాలం గనక ఇప్పుడొస్తే అన్నీ ఒకేసారి చూడొచ్చని చెప్పాడు. ఆ వారమే నేనూ సత్యమూ బయల్దేరాం. సంచి నిండా మా సరంజామా: మూతకు ఎర బిళ్ళ వేలాడే ప్లాస్టిక్ డబ్బాలు, జిగురు అట్టల కట్ట, రెండు టార్చిలైట్లు.

రైల్లో జిగురు అట్ట

వినుకొండ దాటాక ఎదురు బల్ల మీద దొనకొండ వెళ్ళే పెద్దావిడ ఒకరు కూర్చున్నారు. ఒళ్ళో స్టీలు డబ్బా, భుజాన చేతిసంచి. మా సంచిలో ఏముందో అడిగేదాకా ఆవిడకు తోచలేదు. సత్యానికి అంతకంటే కావలసిందేముంది. అట్ట ఒకటి తీసి, పసుపు రంగు చూస్తే చిన్న పురుగులు లేత ఆకు అనుకుని ఎలా వాలతాయో, వాలినవి జిగురులో ఎలా అంటుకుపోతాయో చెప్పడం మొదలుపెట్టాడు. ఎంత బాగా అంటుకుంటుందో చూపిద్దామని పైనున్న కాగితం లాగాడు. కిటికీలోంచి గాలి ఒక్క విసురు విసిరింది. అట్ట ఎగిరి వెళ్ళి ఆవిడ చేతిసంచి మీద అతుక్కుంది. లాగబోయిన సత్యం చొక్కా చేతికి సగం, సంచికి సగం.

ఆవిడ కోప్పడలేదు. చేతిసంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి, నూనె వేలితో అద్ది నెమ్మదిగా అంచు నుంచి ఒలిచేసింది. "పురుగులకేమో గానీ నాయనా, మనుషులకు బాగానే పట్టినాది" అంది. తర్వాత డబ్బా మూత తీసి మాకు చెరొక కారం పూసిన జొన్నరొట్టె ముక్క పెట్టింది. మా వైపు రైల్లో తెలియనివాళ్ళ చేతి తిండి తినొద్దని పిల్లలకు నేర్పుతాం. ఆ రైలు పెట్టెలో ఎవరి డబ్బా తెరిచినా నలుగురికీ వెళుతోంది. నేను ఇంటి నుంచి తెచ్చిన పూతరేకులు దొనకొండ రాకముందే ఖాళీ.

మార్కాపురం

స్టేషన్లో దిగగానే మస్తాన్ ఆటోతో సిద్ధంగా ఉన్నాడు. మార్కాపురం వీధుల్లో నాకు మొదట కంట పడింది రాయి. మా వైపు మట్టి తీస్తే మట్టే వస్తుంది. ఇక్కడ గడప ముందు మెట్టు, మురుగుకాలువ మీద మూత, పెరటి గోడ, అన్నీ పొరలు పొరలుగా చీలే నల్లటి పలకరాయి.

మస్తాన్ భార్య జరీనా మా కోసం బగారా అన్నం, దాల్చా వండింది. మా ఇళ్ళలో చుట్టానికి ముందు మంచినీళ్ళు, వెంటనే కాఫీ. అక్కడ కాఫీ ఊసే లేదు, చిక్కటి టీ వచ్చింది. అదీ భోజనమయ్యాక. భార్యాభర్తలు తమలో తాము దక్కనీ ఉర్దూలో, మాతో తెలుగులో మాట్లాడుతుంటే, మాటలు మారిన చోట అతుకు కనబడకపోవడం నాకు భలే అనిపించింది. "తిను వదినా, ఇంకొంచెం దాల్చా పోస్తాను" అంటూనే పక్కకు తిరిగి అతన్ని ఏదో మందలించేది.

ఏం మందలిస్తోందో భోజనాల తర్వాత తెలిసింది. మస్తాన్ మొహంలో ఎప్పుడూ ఉండే హుషారు లేదు. గిద్దలూరు పక్కన, నల్లమల అంచు పల్లెలో ఒక బత్తాయి తోటను అతను గుత్తకు తీసుకున్నాడు. కోత దగ్గరపడ్డాక కాయ రాలిపోవడం మొదలైంది. అక్కడ ఎరబుట్టలు కట్టారు, బుట్టల నిండా పండు ఈగలు పడుతున్నాయి. మందు కొట్టారు. రాలుడు ఆగలేదు. మళ్ళీ కొట్టారు. ఆగలేదు.

"ఆ గుత్త వదిలేసుకుందామని ఈయన. వదిలేస్తే తోటాయన చెట్లు కొట్టేస్తానంటా ఉన్నాడు" అంది జరీనా. "మొగుడూ పెళ్ళాం బిందెలతో నీళ్ళు పోసి పెంచినారు వదినా ఆ చెట్లు. కాసే కాపు ఇదే మొదలు."

దోర్నాల దారిలో

మర్నాడు మస్తాన్‌కు మార్కెట్లో పని ఉండడంతో మేమిద్దరమే దోర్నాల వైపు ఒక మామిడి తోట చూడ్డానికి వెళ్ళాం. అక్కడి రైతు దీపపు ఎర పెడతాడని మస్తాన్ చెప్పాడు. దిగాల్సిన చోటు సత్యం చూసుకుంటాడని నేను, నేను చూసుకుంటానని సత్యం నిద్రపోయాం. లేచేసరికి బస్సు దోర్నాల దాటి అటవీశాఖ చెక్‌పోస్టు దగ్గర ఆగి ఉంది.

దిగి వెనక్కి నడవబోతే గేటు దగ్గర ఉద్యోగి సంచి తెరవమన్నాడు. శ్రీశైలం వెళ్ళేవాళ్ళ సంచుల్లో కొబ్బరికాయలుంటాయి, మా సంచిలో ఘాటు వాసన కొట్టే బిళ్ళలూ డబ్బాలూ. ఇవేం పెట్టి ఏ జంతువును పడతారని అడిగాడు. ఈగను, అన్నాను. నమ్మలేదు. సత్యం ఒక డబ్బా మూత తీసి గేటు కమ్మీకి కట్టాడు. ఏమీ జరగలేదు. మేము ముగ్గురం ఆ డబ్బాను చూస్తూ నిలబడ్డాం. టీ తాగి వచ్చేసరికి ఎక్కడి నుంచి వచ్చాయో, పసుపు నడుము ఈగలు నాలుగైదు డబ్బా చుట్టూ తిరుగుతున్నాయి. ఉద్యోగి మొహం విప్పారింది. చుట్టూ అడవే కదా, ఇక్కడ పండ్ల తోట ఎక్కడుందని ఆయన అడిగాడు. వాసన పట్టుకుని ఎంత దూరం నుంచైనా వస్తాయన్నమాట, అని సత్యం తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

దోర్నాల కూడలిలో రోడ్డు పక్క హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బొరుగులు నానబెట్టి తాలింపు పెట్టడాన్ని మా వైపు టిఫిన్ అనరు. ప్లేటు ముప్పై రూపాయలు, కడుపు నిండింది, నోరు మండింది. పక్క బల్ల మీద కర్నూలు నుంచి వచ్చిన యాత్రికుల కుటుంబం, దర్శనం బాగా అయిందని ప్రసాదం పెట్టారు. మేము కొండకు రాకుండానే మాకు కొండ ప్రసాదం అందింది.

దీపపు ఎర పెట్టే రైతు మంచి మాటకారి. తోట మధ్య బల్బు వేలాడదీసి, కింద బేసిన్లో సబ్బునీళ్ళు పెడతాడు. ముందు రోజు సాయంత్రం పడిన పురుగుల్ని తట్టలో పోసి చూపించాడు. పేడపురుగులు, ఆకుపచ్చ దీపపు పురుగులు, రకరకాల రెక్కలు. ఇందులో మామిడికి చేటు చేసేవెన్ని అని నేనడిగితే, ఆయన తట్ట అటూ ఇటూ కదిపి, ఎక్కువ దారినపోయేవే అని ఒప్పుకున్నాడు. అయినా వానల తర్వాత ఏ వారంలో పురుగు పోటెత్తుతుందో బేసిన్ చూస్తే తెలుస్తుందని, అదే తనకు చాలని అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. తన పద్ధతికి ఏది తెలుసో, ఏది తెలియదో తెలిసిన మనిషి.

గిద్దలూరు

మార్కెట్ పని ముగించుకుని మస్తాన్ మాతో కలిశాడు; కంభం చెరువు కట్ట మీద కాసేపు ఆగి, సాయంత్రానికి ముగ్గురం గిద్దలూరు చేరాం. మర్నాడు పొద్దున్నే మస్తాన్ మమ్మల్ని ఆ పల్లెకు తీసుకుపోయాడు. తోటాయన పేరు వెంకటసుబ్బయ్య, భార్య ఓబులమ్మ. ఇద్దరూ నాకంటే కాస్త చిన్నవాళ్ళు. తోట వెనక కంచె, కంచె వెనక వాగు, వాగు అవతల నుంచి నల్లమల మొదలు. చెట్లు ఎంత ముచ్చటగా ఉన్నాయో చెప్పలేను. ముదురాకుపచ్చ గుబుళ్ళ మధ్య రంగు తిరుగుతున్న కాయలు. కానీ చెట్ల కిందికి ఒంగి చూశాను. నేల పచ్చగా ఉంది, గడ్డి వల్ల కాదు, రాలిన కాయల వల్ల.

బత్తాయిని అక్కడ కొందరు చీనీ అంటారు. వెంకటసుబ్బయ్యది చీనీ, ఓబులమ్మది బత్తాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళకూ ఆ ఒక్క విషయంలో రాజీ కుదరలేదట. ఆ మాట ఆమె నవ్వుతూ చెప్పింది గానీ ఆయన నవ్వలేదు. ట్రాక్టరుకు తగిలించిన మందు ట్యాంకరు గేటు దగ్గర నిలబెట్టి ఉంది. ఆ పూటే ఇంకో విడత కొట్టడానికి మాట్లాడుకున్నారు.

కోత ఇంత దగ్గర పెట్టుకుని మందు కొడితే ఆ కాయ ఎవరు తింటారని నేను అడిగాను.

"కొట్టకుంటే ఉండేది కూడా రాలిపోతాది గదక్కా" అన్నాడు వెంకటసుబ్బయ్య. చెట్టుకు కట్టిన డబ్బా విప్పి నా చేతిలో పెట్టాడు. "చూడు, ఈగలు ఎట్ల నిండినాయో. డబ్బా అబద్ధం చెప్తాదా? ఈ కాపు నిలబడకుంటే చెట్లు తీసేసి కంది వేసుకుంటా. ఇంక నాతో కాదు."

డబ్బాలో నిజంగానే ఈగలు కిక్కిరిసి ఉన్నాయి. మా ఊళ్ళో మా మామిడి ముంచినవే. ఇంక అడగడానికేముంది అనుకున్నాను నేను కూడా. ఎరబుట్టల పక్షం నాదే కదా.

కోసి చూడడం

అయినా చేతికి కత్తి అందితే కాయ కోయకుండా ఉండలేను. రాలిన కాయ ఒకటి తీసి కోశాను. మామిడిలో లాగా పురుగులు ఉంటాయనుకున్నాను. లేవు. ఇంకోటి కోశాను. తొన ఒక పక్క గోధుమరంగు తిరిగి, మెత్తబడి, పుల్లటి వాసన. పురుగు మాత్రం లేదు. ఓబులమ్మ వచ్చి నా పక్కన కూర్చుని గంపతో కాయలు అందించసాగింది. ఎన్ని కోసినా అంతే. ఎక్కడో ఒకదాంట్లో మాత్రం ఈగ పిల్లలు కనిపించాయి, అదీ బాగా కుళ్ళి చితికినదాంట్లో.

నేను ఆగిపోయి ఓబులమ్మ వైపు చూశాను. ఆమె కోయని కాయ ఒకటి తీసుకుని రెండు చేతులతో నొక్కింది. తొక్క మీద సూది మొనంత చిల్లి ఉంది, అందులోంచి సన్నని ధారగా రసం చిమ్మి నా కళ్ళజోడు మీద పడింది.

"రాలినవన్నీ ఇట్లనే చిమ్ముతాయక్కా" అంది. "ఈయనకు చెప్తే, చిల్లి ఈగదే అంటాడు. ఈగకు అంత సూది యాడిది?"

నేను కళ్ళజోడు తుడుచుకుంటూ నవ్వాను. ఇంతకుముందు నేను చూసిన పండు ఈగ చిల్లిని నొక్కితే ఇలా చిమ్మలేదు. ఇది లోతుగా, గొట్టంతో గుచ్చినట్టు ఉంది. తాగి వదిలేసిన చిల్లి.

అప్పటికి సత్యం తోటంతా తిరిగి వచ్చాడు. కంచె అవతల వాగు గట్టు మీద ఎవరిదో జామ తోట పాడుబెట్టి ఉందని, కాయలు చెట్టుకే కుళ్ళి ఈగలు ముసురుతున్నాయని చెప్పాడు. దోర్నాల చెక్‌పోస్టు దగ్గర గేటు కమ్మీకి కట్టిన డబ్బా మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. అక్కడ పండే లేదు, ఈగలు వచ్చాయి. ఇక్కడా డబ్బాలోని ఈగలు ఈ తోటవి కానక్కర్లేదు, వాసనకు జామ తోట నుంచి వచ్చి పడుతుండొచ్చు. పైగా ఆ బిళ్ళ వాసనకు వచ్చేవి మగ ఈగలే. అవి కాయను గుచ్చవు.

అదే మాట వెంకటసుబ్బయ్యతో చెప్పాను. మస్తాన్ కూడా విన్నాడు. ఈగ కాకపోతే మరేది అని ఇద్దరూ ఒకేసారి అడిగారు. తెలియదన్నాను. ఒక్క రోజు ట్యాంకరు ఆపమని, అన్ని రకాల ఎరలూ ఒకే తోటలో పక్కపక్కన పెట్టి చూద్దామని బతిమాలాను. వెంకటసుబ్బయ్య ఒప్పుకోలేదు. ఒక రోజు ఆగితే ఇంకో గంపెడు కాయ పోతుందన్నాడు. అందులో తప్పేముంది, పోయేది ఆయన కాయ. చివరికి మస్తాన్ అడ్డం పడి, ఆ ఒక్క రోజు నష్టం తన లెక్కలో వేసుకోమన్నాడు. జరీనా పొద్దున ఫోన్లో మళ్ళీ మందలించినట్టుంది.

అన్ని ఎరలూ ఒకచోట

ఆ పగలంతా మాకు పండగే. ఒక వరుసలో పసుపు అట్టలు కట్టాం, ఒక వరుసలో ఎరబుట్టలు. తోట నడుమ బల్బు, కింద సబ్బునీళ్ళ బేసిన్. బాగా మాగిన అరటిపండ్లు చీల్చి, బెల్లం పూసి కొన్ని కొమ్మలకు వేలాడగట్టాం. కొమ్మ కింద తెల్లబట్ట పరిచి కర్రతో తట్టి రాలిన పురుగులు చూశాం. సత్యం తన ఫోన్ కూడా ఒక కాయల గుత్తికి ఎదురుగా కట్టాడు, కెమెరా పెట్టె కాకపోయినా దాని తమ్ముడని.

మధ్యాహ్నం ఓబులమ్మ చెట్టు నీడన రాగి సంగటి, ఊరుమిండి అనే రోటి పచ్చడి, వేరుసెనగ చట్నీ పెట్టింది. సంగటి ముద్ద నమలకూడదని మాకు తెలియదు. సత్యం నములుతుంటే వెంకటసుబ్బయ్య మొట్టమొదటిసారి నవ్వాడు. చట్నీలో అద్దుకుని మింగేయాలని చేసి చూపించాడు. మా వైపు అన్నంలో ఎన్ని కలుపుకున్నా చివర పెరుగు లేకపోతే భోజనం అయినట్టు కాదు. అక్కడ సంగటి తిని మజ్జిగ తాగితే సాయంత్రం దాకా ఆకలి అన్న మాటే రాలేదు.

పొద్దుగూకే వేళకు అట్టలు చూశాం. తెల్లదోమ, పేనుబంక, పాపం రెండు తేనెటీగలు. గుచ్చే పురుగు లేదు. తెల్లబట్ట మీద సాలీళ్ళు, అక్షింతల పురుగులు. ఎరబుట్టల్లో ఎప్పటి ఈగలే. బల్బు వెలిగించాక బేసిన్లో దోర్నాలలో చూసిన బాపతే పడసాగాయి. నాకు నీరసం వచ్చింది. ఇన్ని పద్ధతులు పెట్టి అసలుదాన్ని పట్టలేకపోతే పొద్దున ట్యాంకరు ఎలా ఆపాలి?

ఓబులమ్మ టార్చి అడిగింది. దీపానికి రానిది పండు దగ్గరికైనా రావాలి గదా, మనమే చెట్టు దగ్గరికి పోయి చూద్దాం అంది. అందరం బల్బు ఆర్పి, చడీచప్పుడు లేకుండా అరటిపండ్లు కట్టిన వరుసలోకి నడిచాం. చీకటి అప్పుడే పడుతోంది. సత్యం టార్చి వేశాడు.

కొమ్మల్లో నిప్పుకణికలు కనిపించాయి. ఎర్రగా, జంటలు జంటలుగా, కాయ కాయకూ. దగ్గరికి పోతే అవి కళ్ళు. చేతి వెడల్పు సీతాకోకచిలుక లాంటి పురుగు, ముడుచుకుంటే ఎండుటాకు, రెక్క విప్పితే లోపల పసుపు మీద నల్లటి మచ్చ. బత్తాయి మీద కూర్చుని, తొండం తొక్కలోకి దింపి, మనుషులు వచ్చినా పట్టించుకోకుండా తాగుతోంది. అరటిపండ్ల మీదైతే ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

వెంకటసుబ్బయ్య ఒక కాయ దగ్గరికి ఒంగి, తొండం దిగిన చోటు చూశాడు. తర్వాత, "ఇన్నాళ్ళూ పగలు మందు కొట్టినా. ఇది సాయంత్రం వచ్చి తాగిపోతా ఉంది" అన్నాడు నెమ్మదిగా.

"ట్యాంకరాయనకు ఫోన్ చెయ్యి మామా, రావద్దని చెప్పు" అన్నాడు మస్తాన్. ఆ గొంతులో పాత హుషారు వినిపించింది.

టార్చిల జాతర

దాని పేరు రసం పీల్చే రెక్కల పురుగు. సత్యం ఫోటో తీసి మా జిల్లాలో తెలిసిన వ్యవసాయాధికారికి పంపితే వెంటనే చెప్పారు. పెద్ద తోటలున్న ఊళ్ళలో పాతకాపులకు ఇది బాగా తెలుసట. ఈ పల్లెలో బత్తాయి కొత్త, ఇక్కడి వాళ్ళు చూడడం మొదటిసారి. పిల్లపురుగు కాయ తినదు, తిప్పతీగ ఆకు తిని పెరుగుతుంది. మర్నాడు వెళ్ళి చూస్తే వాగు గట్టు నిండా, కంచె నిండా తిప్పతీగే. అంటే పురుగుకు మనమే కంచె మీద ఊయల కట్టి పెంచుతున్నాం.

ఆ తర్వాతి రోజులు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఛాతీ ఉప్పొంగుతుంది. రెండు మూడు రోజులకని వెళ్ళినవాళ్ళం, తిరుగు టిక్కెట్లు వదిలేసుకున్నాం. పగలు రాలిన కాయంతా ఏరి గుంత తీసి పూడ్చారు, కుళ్ళు వాసనకు కొత్త పురుగు రాకుండా. కంచె మీది తిప్పతీగ కోసేశారు. మాగిన పండ్ల రసం, బెల్లం, కాస్త మందు కలిపిన ముంతలు తోట అంచుల్లో కట్టారు. చెట్ల మీద ఒక్క చుక్క మందు పడలేదు. మునిమాపు వేళకు పచ్చాకు పొగ వేసి, టార్చిలు, దోమతెర గుడ్డతో కుట్టిన వలలు పట్టుకుని వరుసల్లోకి దిగేవాళ్ళం.

మొదటి సాయంత్రం మేము అయిదుగురమే. రెండోనాటికి పక్క తోటలవాళ్ళు వచ్చారు, వాళ్ళ తోటల్లోనూ రాలుతోందట. ఆ తర్వాత ఊళ్ళో ఆడవాళ్ళు పనులు ముగించుకుని వచ్చేవాళ్ళు. ఒకరు వల వేస్తే ఒకరు వెలుగు పట్టడం, పట్టినదాన్ని డబ్బాలో వేయడం, ఎవరి డబ్బా బరువో చూసుకోవడం. వెంకటసుబ్బయ్య ఒక తోట నుంచి ఇంకో తోటకు పోయి, కాయ నొక్కి చూపించి, రసం చిమ్ముతుంటే అందరికీ తనే చెప్పేవాడు. "ఈగ కాదు, ఈగ కాదు" అనడం ఆయనకు పాటైపోయింది.

ప్రతి ఉదయం ఓబులమ్మ గంపతో చెట్ల కింద తిరిగేది. మొదట్లో గంప నింపి పోసి, మళ్ళీ నింపేది. ఒకనాడు సగం గంపతో వచ్చింది. ఇంకోనాడు అడుగున పరిచినన్ని. ఆ పైన ఒక ఉదయం గంప చంకన పెట్టుకుని వచ్చి, నా ముందు బోర్లించింది. రెండు కాయలు దొర్లాయి. బోర్లించిన గంప మీదే కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంటూ నవ్వింది. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి. మస్తాన్ అప్పటికప్పుడు ఫోన్ తీసి జరీనాకు దక్కనీలో ఏదో చెప్పాడు, అవతలి నుంచి ఆమె నవ్వు మాకందరికీ వినిపించింది.

మాకు అర్థమైంది

సత్యమూ నేనూ మా పేచీని ఆ చెట్ల కిందే తేల్చుకున్నాం. ఎరబుట్ట చెడ్డది కాదు. మామిడికి ఈగ వచ్చిందా లేదా అన్నది దానికంటే బాగా చెప్పేది లేదు, మా ఊళ్ళో పూతకు ముందే కడతాం. కానీ అది ఒక్క ఈగనే చూస్తుంది. దాని కంటితో తోటంతా చూడబోతే ఇదిగో ఇలా అవుతుంది. అట్ట చిన్న పురుగులకు, దీపం ఏ వారం ఎక్కువో తెలియడానికి. ఏది పెట్టినా, కాయ కోసి చూడకుండా, చెట్టు దగ్గరికి నడిచి పోకుండా తీర్పు చెప్పకూడదు. సత్యం కాయల గుత్తికి కట్టిన ఫోన్లో కూడా, మసకగా, ఒక రెక్కల పురుగు పడింది. కాబట్టి కెమెరా పెట్టె మీద అతని ఆశ అతనికుంది. అందులో అతనికి మార్కులు వేయక తప్పలేదు.

ఊరికి తిరిగొచ్చాక ఇవన్నీ చెబితే మా సంఘంలో ఈసారి ఎవరూ పేచీ పెట్టలేదు. నాలుగు రకాలూ కొద్దికొద్దిగా పెట్టుకుని, వారానికోసారి అందరం కలిసి తోటలు నడవాలని తీర్మానించుకున్నాం.

కోత, తిరుగు రైలు

మేము బయల్దేరే ముందు రోజు కోత మొదలైంది. గిద్దలూరు నుంచి కూలీలు వచ్చారు, చెట్ల కింద పట్టాలు పరిచారు. మస్తాన్ ఒక్కో కాయను చేతిలో తిప్పి చూసి, వాసన చూసి, నాకు అందించేవాడు. పోయిన వేసవిలో మా మామిడి తిప్పి పంపిన వ్యాపారుల్లో అతనూ ఒకడు. ఒక్కటి కూడా పక్కన పెట్టలేదు. చెట్లు కొట్టేస్తానన్న వెంకటసుబ్బయ్య, వాగు పక్క చేలో వచ్చే ఏడు ఇంకో వంద మొక్కలు పెడతానని, చీనీ మొక్కలని, అన్నాడు. బత్తాయి మొక్కలు, అంది ఓబులమ్మ.

మా చేతుల్లో మోయలేనంత బరువున్న సంచి పెట్టి, వద్దంటే వినకుండా ఆ సాయంత్రం గిద్దలూరు దాకా వచ్చి సాగనంపారు. ఓబులమ్మ నా బుగ్గలు నిమిరి, "మామిడి కాపుకు మేమొస్తాం అక్కా, మీ ఈగను చూడాల" అంది.

మర్నాడు పగటి రైలు. గిద్దలూరు దాటి కొంత దూరం పోయాక రోడ్డు రైలు పట్టాలను దాటే చోట గేటు వేసి ఉంది. కిటికీ పక్క కూర్చున్న నాకు గేటు అవతల ఒక లారీ ఆగి కనిపించింది. పైన వల, వల కింద నిండుగా బత్తాయిలు, ఎండకు పసుపుగా మెరుస్తూ. లోడు మీద వెంకటసుబ్బయ్య నిలబడి ఉన్నాడు, తలపాగా చుట్టుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని, పెళ్ళికొడుకులా. మస్తాన్ క్యాబిన్లోంచి తల బయటపెట్టి రైలు పెట్టెలన్నీ వెతుకుతున్నాడు. నేను కిటికీలోంచి చెయ్యి ఊపి కేకేశాను. రైలు చప్పుడులో వినిపించిందో లేదో. కానీ వెంకటసుబ్బయ్య మమ్మల్ని చూశాడు. తలపాగా విప్పి, రెండు చేతులతో పైకెత్తి, రైలు దాటిపోయేదాకా జెండాలా ఊపుతూనే ఉన్నాడు.